మూడు కుప్పలుగా ఏరిన పిక్కలు

మొన్న వాన వెలిసిన పూట మా వరసలో కొత్తగా దిగిన ఇంటి కోడలు పెరట్లో చేట ముందేసుకుని వేరుశనగ పిక్కలు కడుగుతోంది. కొన్నింటి మీద పచ్చగా బూజు ఉంది. గోడ ఇవతల నుంచి చూశాను.

"అవి పారబోసీయమ్మా, తినకండి," అన్నాను.

"ఏయించినాక బూజు పోద్ది మామ్మా. నిప్పు తగిలినాక ఇంకేటుంటాది?" అని నవ్వి మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

ఆ మాట నాది. పదేళ్ళ కిందట నేను మా కోడలితో ఇలాగే అన్నాను. నోటితో చెబితే నవ్వుతున్నారు కాబట్టి కాగితం మీద పెడుతున్నాను. నేను మిషను బడిలో మూడో తరగతి దాకా చదివాను. బైబిలు చదువుతాను, ఊరికి ఉత్తరం రాస్తాను. ఇంత పొడుగు ఎప్పుడూ రాయలేదు. ఇందులో మందుల పేర్లు లేవు, అవి నాకు గుర్తు కూడా లేవు. మాకు ఎలా ఉండిందో అది రాస్తాను.

మే, జూన్

మాది శ్రీకాకుళం వైపు. మా మామగారి నాడే ఖరగ్‌పూర్ వచ్చి రైల్వే వర్క్‌షాపులో కుదురుకున్నారు. తర్వాత మా ఆయన, ఆయన పోయాక మా అబ్బాయి ప్రసాదు. అప్పటికి క్వార్టరులో నలుగురం. నేను, ప్రసాదు, కోడలు విమల, వాళ్ళ కూతురు సువార్త. సువార్తకు తొమ్మిదో ఏడు.

ఏడాదికోసారి బడి సెలవులకు రైల్వే పాసు మీద ఊరెళ్ళడం మా వాళ్ళందరికీ అలవాటు. వచ్చేటప్పుడు ఖాళీ చేతులతో రాము. చింతపండు, కందిపప్పు, బెల్లం, వేరుశనగ పిక్కలు, ఏడాదికి సరిపడా మోసుకొస్తాము. ఇక్కడి గోల్‌బజార్‌లో దొరకవని కాదు. మన నేలలో పండినవి మనం తినాలని ఒకటి, పాసు ఉండగా మోసుకురాకపోతే దండగ అని రెండోది. బోగీ ఎక్కితే సీట్ల కింద అన్నీ తెలుగువాళ్ళ గోనెలే ఉండేవి.

ఆ ఏడు తిరిగి వస్తుంటే బాలాసోర్ దాటగానే వాన పట్టుకుంది. ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం ఎంత పొడుగో చూసినవాళ్ళకు తెలుసు. మా బోగీ కప్పు లేని చోట ఆగింది. సామాను దింపి, ప్రసాదు రెండు విడతలుగా మోసేసరికి పిక్కల గోనె ఒక పక్క నుంచి నానిపోయింది. ఇంటికి తెచ్చి పైన గుడ్డతో తుడిచాను. విప్పి ఆరబోసేందుకు ఎండ లేదు, చోటూ లేదు. ఎండ వచ్చినప్పుడు చూద్దామని మంచం కిందికి తోశాను. ఆ తర్వాత మూడు నాలుగు వారాలు ఎండ రానే లేదు.

జులై

గోనె మూతి విప్పితే ముక్కిపోయిన వాసన కొట్టింది. చెయ్యి పెడితే లోపల వెచ్చగా ఉంది. తడిసిన పక్క పిక్కలు ఒకదానికొకటి అంటుకుని, మీద పసుపు కలిసిన ఆకుపచ్చ బూజు. తడవని పక్క పిక్కలు చూడటానికి బాగానే ఉన్నాయి.

మా ఇంట్లో తిండి పారేయడం లేదు. మా అమ్మ పారేయలేదు, మా అత్త పారేయలేదు. నేను చేట తీసుకుని రెండు రోజులు కూర్చుని ఏరాను. మూడు కుప్పలు చేశాను. బాగా కనిపించినవి ఒక కుప్ప, అవి సువార్తకు బెల్లం ఉండలు చెయ్యడానికి. కాస్త రంగు మారినవి ఒక కుప్ప, అవి అన్నంలోకి పొడి కొట్టడానికి. నల్లబడి ముడుచుకుపోయినవి మూడో కుప్ప. మొదటి రెండూ కడిగి, అడపాదడపా వచ్చే ఎండకు ఆరబెట్టి, మూకుట్లో కమ్మటి వాసన వచ్చే దాకా వేయించాను. బూజు ఎక్కడా కనబడలేదు. నా పని నాకు బాగానే అనిపించింది.

మొదటి రోజు పొడి కలుపుకున్న విమల ముద్ద నోట్లో పెట్టుకుని ఆగిపోయింది.

"అత్తా, ఇయి సేదుగున్నాయి."

"నీ నోరు సేదుగుంటే అన్నీ సేదుగానే ఉంటాయి."

"కాదత్తా, మరొక్కపాలి సూడండి. బూజు పట్టినవి కదా."

"ఏయించినాక బూజేటి? నిప్పు తగిలినాక ఇంకేటుంటాది? మీ పుట్టింట్లో గోనెలకి గోనెలు పారబోసుకునేవోళ్ళు కామోసు."

విమల కంచంలో పొడి పక్కకు తోసేసింది. ఆ రోజు నుంచి పొడి ముట్టలేదు. ప్రసాదు పొద్దున రొట్టె, కూర డబ్బాలో పెట్టుకుని పనికి పోతాడు, సాయంత్రం ఒక ముద్దకు వేసుకుంటే వేసుకున్నాడు, లేకపోతే లేదు. రోజూ తిన్నది ఇద్దరం. నేను రెండు పూటలా పొడితో. సువార్త బడికి రెండు ఉండలు, బడి నుంచి వచ్చాక ఒకటి, అన్నంలోకి పొడి. చేదు తెలియకుండా పొడిలో ఇంకో గుప్పెడు మిరపకాయలూ కాస్త చింతపండూ వేసి దంచాను. ఉండల్లో బెల్లం పెంచాను. అంటే ఆ చేదు నా నాలుకకు కూడా తగిలింది. ఇది దాచకుండా రాయాలి.

మూడో కుప్ప కూడా పారేయలేదు. మా పక్క క్వార్టరులో ఒక బెంగాలీ కుటుంబం ఉండేది. ఆ ఇల్లాలిని మేమంతా బౌదీ అనేవాళ్ళం, వదిన అన్నట్టు. ఆవిడ ఆరు బాతులు పెంచుకునేది. వారానికోసారి మాకు గుడ్లు పంపేది. ఊరికే తీసుకోవడం నాకు ఇష్టం లేదు. నల్లబడ్డ పిక్కలు నానబెట్టి, దంచి, రోజూ గిన్నెడు ఆ బాతులకు పోశాను. బౌదీ సంతోషించింది.

పది పన్నెండు రోజులకు బాతులు కాళ్ళ మీద నిలవలేక తూలడం మొదలుపెట్టాయి. మెడ వెనక్కి విరుచుకుని పడిపోయాయి. నాలుగు రోజుల్లో ఆరూ చచ్చిపోయాయి. బౌదీ గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. ఏదో తెగులు తగిలిందని అందరూ అన్నారు, నేనూ అన్నాను. తర్వాత గిన్నె కడిగి లోపల బోర్లించాను.

ఆగస్టు

సువార్త అన్నం ముందు కూర్చుని కునికేది. బడి నుంచి వచ్చి సంచీ కూడా తీయకుండా పడుకునేది. రెండుసార్లు వాంతి చేసుకుంటే టీచరమ్మ ఇంటికి పంపేసింది. పొట్టలో కుడి పక్క నొప్పి అంది. వానాకాలపు అజీర్ణమని వాము నీళ్ళు పట్టాను.

నాకు ఒళ్ళంతా దురద. నోటికి ఏదీ సయించేది కాదు. సాయంత్రానికి కాళ్ళు వాచేవి, వేలుతో నొక్కితే గుంట పడేది. వయసని ఊరుకున్నాను. తిండి సయించని మనిషికి కూర ఎందుకని పొడితోనే సరిపెట్టుకున్నాను.

సెప్టెంబరు

ఒక ఆదివారం చర్చికి తయారవుతుంటే విమల పిల్ల తల దువ్వుతూ కిటికీ దగ్గరకు తిప్పి చూసింది.

"అత్తా, మన గుంటకి కళ్ళు పచ్చగున్నాయి సూడండి."

పచ్చగానే ఉన్నాయి. కామెర్లు. ఆ వానాకాలం మా వైపు ఇంకో రెండు మూడు ఇళ్ళలోనూ కామెర్లు ఉన్నాయి. నీళ్ళ వల్ల వస్తోందన్నారు. అందరం నీళ్ళు కాచి తాగడం మొదలుపెట్టాము. మాదీ అదేనని అనుకున్నాము. అనుకోవడానికి తేలికగా ఉంది.

విమల ఆసుపత్రికి తీసుకెళదామంది. కామెర్లకు ఆసుపత్రిలో మందు లేదు, పథ్యమే మందు అన్నాను నేను. ఊరి బయట సాలువా అవతల ఒక పల్లెలో కామెర్లకు పుల్లల దండ కట్టే ముసలమ్మ ఉందని విని పిల్లను రిక్షాలో తీసుకెళ్ళాను. చిన్న చిన్న పుల్లలు దారానికి కట్టిన దండ తల మీద పెడుతుంది. రోగం దిగుతున్న కొద్దీ దండ సాగి మెళ్ళోకి జారుతుందంటారు. క్రైస్తవులం, ఇదేటని విమల గొణిగింది. దండ సాగింది, మెళ్ళోకి జారింది. పిల్ల కళ్ళు మాత్రం ఇంకా పచ్చబడ్డాయి.

పథ్యం నేనే చూశాను. నూనె లేదు, నెయ్యి లేదు, చేప లేదు. చెరుకు రసం, మెత్తటి అన్నం. వట్టి అన్నం పిల్లకు దిగడం లేదు. బలానికి ఏదో ఒకటి పడాలి కదా. నూనె చుక్క తగలనిది, బలమైనది ఇంట్లో ఏముంది? మిరపకాయ లేకుండా కొత్తగా పిక్కల పొడి కొట్టాను. చిటికెడు ఉప్పు వేసి అన్నంలో కలిపి నా చేత్తో ముద్దలు చేసి పెట్టాను. వద్దని తల తిప్పుకుంటే గడ్డం పట్టుకుని పెట్టాను. పది రోజులు అలా పెట్టాను.

పదకొండో రోజు పొద్దున పిల్ల ముక్కులోంచి రక్తం మొదలైంది. తడిగుడ్డ పెట్టినా ఆగలేదు. పొట్ట ఉబ్బి గౌను బిగుసుకుపోయింది. పిలిస్తే కళ్ళు తెరిచి ఎవరో అన్నట్టు చూసి మూసేసింది. ప్రసాదు పనికి బయల్దేరినవాడల్లా సైకిలు గోడకు పడేసి పిల్లను భుజాన వేసుకున్నాడు. బౌదీ అప్పటికే రిక్షా పిలిచి గుమ్మం ముందు నిలబెట్టింది.

ఆసుపత్రి

బల్ల మీద కూర్చున్నాము. విమల ఒడిలో పిల్ల, పక్కన నేను. ఎదురుగా గోడకు పచ్చ రంగు సగం దాకా వేసి ఉంది. ఆ రంగు అంచు ఎక్కడ వంకరగా ఉందో ఇప్పటికీ చెప్పగలను. ఏడవాలని అనిపించలేదు. ప్రార్థన చేద్దామంటే మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. పక్కన కూర్చున్న ఎవరో ఒరియా ఆవిడ తన సీసాలో వేడినీళ్ళు మా గ్లాసులో పోసి, ఏమీ అడగకుండా మళ్ళీ తన చోటికి వెళ్ళింది.

చూసింది ఒక బెంగాలీ డాక్టరమ్మ. వయసులో విమల కంటే చిన్నదేమో. పిల్లను లోపలికి తీసుకెళ్ళాక నా వైపు తిరిగి, నా కింది రెప్ప లాగి చూసింది.

"మాసీమా, ఆప్‌కా భీ," అంది. పిన్నీ, నీకూ ఉందని. నన్నూ పడుకోబెట్టారు. ఆడవాళ్ళ వార్డులో నాది ఒక మంచం, సువార్తది పక్క మంచం. నేను పక్కకు తిరిగితే పిల్ల చెయ్యి, దానికి కట్టిన సీసా గొట్టం కనబడేవి.

మర్నాడు డాక్టరమ్మ నన్నూ విమలనూ ప్రసాదునూ కూర్చోబెట్టి అడిగింది. ఆవిడ హిందీలో అడిగింది, నేను తెలుగులో రాస్తున్నాను.

"ఒకే ఇంట్లో నలుగురు. ఒకే కుళాయి నీళ్ళు. ఇద్దరికే వచ్చింది, ఆ ఇద్దరికీ ఒకే రకంగా వచ్చింది. మీరిద్దరూ తిని, వాళ్ళిద్దరూ తిననిది ఏమైనా ఉందా?"

విమల ఆలోచించి, "అందరం ఒకటే తింటాం," అంది. తను తినడం మానేసి రెండు నెలలయింది కాబట్టి తన లెక్కలో పొడి ఇక తిండి కాదు.

నాకు తెలియలేదని చెప్పను. ఆవిడ అడుగుతుండగానే మంచం కింద గోనె కళ్ళకు కట్టింది. దాని వెనక బాతులు కనబడ్డాయి. నోరు తెరవలేదు. ఇక్కడ ఆసుపత్రి తిండే పెడుతున్నారు కదా, ఆ పొడి ఇక పిల్ల నోట్లోకి పోదు కదా, చెప్పి ఏం లాభమని అనుకున్నాను. ఆ రోజు ఊరుకున్నాను, ఆ మర్నాడూ ఊరుకున్నాను. మా చర్చి పాస్టరు అయ్యగారు వచ్చి పిల్ల తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు. నేను ఆమేన్ అన్నాను.

మూడో రోజు మధ్యాహ్నం సువార్త కళ్ళు తెరిచి వాళ్ళ అమ్మను గుర్తుపట్టింది.

"అమ్మా, ఉండ కావాల," అంది.

మూడు రోజుల్లో పిల్ల అడిగిన మొదటి తిండి అది. విమల ముఖం చూడాలి. చెప్పులేసుకుని ఇంటికి పరిగెత్తింది. అరగంటలో డబ్బా తెచ్చి, మంచం మీద కూర్చుని మూత తీసి ఒక ఉండ చేతిలోకి తీసుకుంది. దానిలోంచి చిన్న ముక్క విరిచింది. పిల్ల నోరు తెరిచింది.

నేను లేచి విమల మణికట్టు పట్టుకున్నాను.

"ఏటత్తా?"

"అది పెట్టకు."

"గుంట నోరు తెరిసి అడిగినాది. డాకటరమ్మ ఏది అడిగితే అది పెట్టమన్నాది."

"అది తినే దానికిలగైనాది. నాకూ అందుకే. బాతులు కూడా అందుకే సచ్చినాయి."

విమల నా ముఖం చూసింది. చేతిలో ముక్క డబ్బాలో వేసి మూత పెట్టింది. పిల్ల ఏడవడం మొదలుపెట్టింది. ఏడవడానికి కూడా బలం లేక పిల్లికూనలా సన్నగా ఏడ్చింది.

డాక్టరమ్మ వచ్చాక నేనే చెప్పాను. గోనె తడవడం, మూడు కుప్పలు, కడగడం, వేయించడం, పథ్యంలో పెట్టడం, బాతులు. బాతుల మాట దగ్గర ఆవిడ రాయడం ఆపి, ఎన్ని రోజులకు చచ్చాయో, ఎలా పడిపోయాయో మళ్ళీ అడిగింది. తర్వాత నాకు అర్థమయ్యేటట్టు నెమ్మదిగా చెప్పింది. కంటికి కనబడేది బూజు మాత్రమేనట. అది పిక్కలోకి ఒక విషాన్ని వదులుతుంది. కడిగితే బూజు పోతుంది, విషం పోదు. వేయించితే కాస్త తగ్గితే తగ్గుతుంది కానీ మిగిలింది చాలు. పైకి శుభ్రంగా ఉన్న పిక్కలో కూడా అది ఉండొచ్చు. చిన్నపిల్లల కాలేయానికి తొందరగా తగులుతుంది. దీన్ని పరీక్ష చేసి తేల్చే వీలు తమ దగ్గర లేదు, కానీ విన్నదాన్ని బట్టి అదే అయ్యుండాలి అంది.

"విరుగుడు లేదా అమ్మా?" అని అడిగాను.

"లేదు మాసీమా. తినడం ఆపడమే మందు. మిగతాది పిల్ల ఒంట్లో ఎంత శక్తి మిగిలిందో దాన్ని బట్టి. నాలుగైదు రోజులు గడిస్తే గానీ చెప్పలేను."

నన్ను తిట్టలేదు. తిడితే బాగుండునని కూడా నాకు అనిపించలేదు. ఏమీ అనిపించలేదు.

సాయంత్రం ప్రసాదు వచ్చాడు. విమల వరండాలోకి తీసుకెళ్ళి చెప్పింది. వాడు లోపలికొచ్చి నా మంచం కాళ్ళ దగ్గర నిలబడ్డాడు.

"ఇమల నీకెన్నిపాల్లు సెప్పినాదమ్మా, సేదుగున్నాయని?"

"రెండుపాల్లు."

"మరి నువ్వేటన్నావు?"

"పుట్టింటి మాట ఎత్తినాను."

వాడు అట్నుంచటే వెనక్కి తిరిగాడు. తర్వాత ఇంటికి వెళ్ళి గోనె, పొడి, ఉండలు, అన్నీ తీసుకెళ్ళి కుక్కలు తవ్వలేనంత లోతుగా పాతిపెట్టాడు. జంతువులకు కూడా పెట్టొద్దని డాక్టరమ్మ చెప్పింది. వాడు ఆ తర్వాత ఎన్నడూ ఆ మాట ఎత్తలేదు. అంతకు ముందు నాతో ఎంత మాట్లాడేవాడో మాత్రం అంత మాట్లాడలేదు.

అక్టోబరు

నాలుగైదు రోజులన్నది రెండు వారాలయింది. పిల్లను కలకత్తా పంపుదామని ఒకరోజు అనుకున్నారు, కదిలిస్తే రక్తం మొదలవుతుందని మానుకున్నారు. పొద్దున పొట్ట చుట్టూ టేపు పెట్టి కొలిచేవాళ్ళు. నర్సు ఆ టేపు చుట్టి జేబులో పెట్టుకునే దాకా విమల మంచం కమ్మి వదిలేది కాదు. నా ఒళ్ళు నెమ్మదిగా తేరుకుంటోంది. పిల్ల కంటే ముందు నాకు తగ్గడం నాకు సిగ్గుగా ఉండేది. అయినా పెట్టింది తిన్నాను.

దుర్గా పూజలొచ్చాయి. ఊరంతా పందిళ్ళు, ఢాక్ డోళ్ళ మోతలు. వార్డు సగం ఖాళీ అయింది. అష్టమి రోజు బౌదీ కొత్త చీర కట్టుకుని, పందిరికి వెళ్ళకుండా మా దగ్గరకు వచ్చింది. పచ్చి బొప్పాయి నూనె లేకుండా ఉడికించి తెచ్చింది. కామెర్లకు అది మంచిదని వాళ్ళ నమ్మకం. డాక్టరమ్మను అడిగి విమల రెండు చెంచాలు పిల్లకు పెట్టింది.

నేను బౌదీని పక్కన కూర్చోమన్నాను. నాకు వచ్చిన బెంగాలీలో చెప్పాను. నీ బాతులను చంపింది తెగులు కాదు, నేను పోసిన పిక్కలు అని. ఆవిడ చేతిలో చెంచా గిన్నెలో పెట్టింది.

"ఆరూ?" అంది.

"ఆరూ."

"మేయేటా ఆగే బాఁచుక్, మాసీమా," అంది. ముందు పిల్ల బతకనీ అని. గిన్నె తుడిచి సంచీలో పెట్టుకుని లేచింది. మర్నాడు కూడా బొప్పాయి తెచ్చింది. కానీ మాట్లాడింది విమలతో. నేను ఉన్నానన్నట్టు చూడలేదు. అది ఆవిడ హక్కు.

పూజలు అయిపోయిన మూడో రోజు పొద్దున నర్సు టేపు పెట్టి, మళ్ళీ ఒకసారి పెట్టి చూసింది. పొట్ట తగ్గింది. ఆ వారంలో కళ్ళ పసుపు పలచబడింది. సువార్త లేచి కూర్చుని, పక్క వార్డు ఆయా జడ వేస్తానంటే వేయించుకుంది. డాక్టరమ్మ ఇక భయం లేదనలేదు. "ఘర్ జా సక్తీ హై," ఇంటికి వెళ్ళొచ్చు అంది. ఇద్దరూ ప్రతి నెలా రావాలి, కాలేయానికి తగిలిన దెబ్బ ఏళ్ళ తర్వాత కూడా బయటపడొచ్చు, అశ్రద్ధ చేయొద్దు అని చెప్పింది. మేము అశ్రద్ధ చేయలేదు. ఇప్పటికీ ఇద్దరం వెళుతూనే ఉన్నాము.

ఇంటికొచ్చిన పూట విమల వంటింట్లోకి వెళ్ళి డబ్బాలన్నీ కిందికి దింపింది.

"అత్తా, ఇకనుంచి డబ్బాలు నేను సూసుకుంటాను."

"సూసుకో," అన్నాను.

ముప్పై ఏళ్ళుగా ఆ అలమార నాది. వాసన చూసి, రంగు చూసి, అనుమానం ఉన్నది విమల గుమ్మం బయట పెట్టింది. నేను గోడకు ఆనుకుని చూస్తూ కూర్చున్నాను. పప్పులో సగం పోయింది.

నవంబరు

మా తెలుగు చర్చిలో జబ్బు నుంచి లేచినవాళ్ళు సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పడం ఆచారం. దేవుడు ఎలా స్వస్థపరిచాడో చెప్పి, కృతజ్ఞత కానుక ఇచ్చి కూర్చుంటారు. ఒక ఆదివారం అయ్యగారు మమ్మల్ని పిలిచారు. ఇంటికి పెద్దను నేను కాబట్టి నేనే లేవాలి.

వెనక వరసల దాకా ఆడవాళ్ళు నిండుగా ఉన్నారు. అందరూ నాకు తెలుసు. వేసవిలో మాతో పాటు అదే బోగీలో వచ్చినవాళ్ళు ఉన్నారు. అదే వానలో దిగినవాళ్ళు.

"దేవుడు మా గుంటని బతికించినాడు, వందనాలు," అన్నాను. "దాన్ని సావు దాకా తీసుకెళ్ళింది నేను." తర్వాత మొత్తం చెప్పాను. చేదు సంగతి చెప్పాను. గడ్డం పట్టుకుని పెట్టిన సంగతి చెప్పాను. డాక్టరమ్మ అడిగితే రెండు రోజులు నోరు మూసుకున్న సంగతి కూడా చెప్పాను. "మీ ఇళ్ళలో బూజు వాసనొచ్చే పిక్కలుంటే ఏరకండి. కడక్కండి. కోళ్ళకి పొయ్యకండి. పాతీయండి," అని కూర్చున్నాను.

ఎవరూ స్తోత్రం అనలేదు. అయ్యగారు పాట సంఖ్య చెప్పారు.

బయటికొచ్చాక సంఘ పెద్ద ఒకాయన, "మందిరంలో సెప్పుకునే మాటేటిది, పిక్కలూ బాతులూ?" అన్నాడు. నా ఈడు కరుణమ్మ మాత్రం నా చెయ్యి పట్టుకుని పక్కకు లాగింది.

"ఒసే, మాయీ ఆ వానలోనే తడిసినాయి. బాగున్నవి ఏరి ఉంచినాను. మొత్తం పాతీమంటావేటే?"

"మొత్తం."

"బాగున్నవి కూడానా?"

"మా గుంటకి పెట్టింది బాగున్నవే."

కరుణమ్మ ముఖం మాడ్చుకుంది. కానీ కొంగు బిగించుకుని బేగి బేగి ఇంటి దారి పట్టింది.

మేము రిక్షా ఎక్కాము. ప్రసాదు సైకిలు మీద ముందు పోతున్నాడు. సీటు ఇద్దరికే కాబట్టి విమల ఒక పక్క, నేను ఒక పక్క, సువార్త నా ఒళ్ళో. పిల్ల సంఘంలో మొత్తం విన్నది. అంతకు ముందు దానికి ఎవరమూ చెప్పలేదు. రైలు గేటు దగ్గర రిక్షా ఆగినప్పుడు నా వైపు తిరక్కుండానే అడిగింది.

"నీకు తెల్దు కదా మామ్మా?"

విమల అటు పట్టాల వైపు చూస్తోంది.

"ఇసమని తెల్దు," అన్నాను. "సేదుగున్నాయని మీయమ్మ సెప్పినాది. ఇన్నాను. నా నాలికకీ తెలిసినాది. అయినా నీకు పెట్టినాను."

గూడ్సు బండి వచ్చింది. చాలా పొడుగు బండి. పిల్ల దాని పెట్టెలు లెక్కపెట్టింది. గేటు లేచాక, రిక్షా ఇంకా కదలకముందే, సీటు కమ్మి పట్టుకుని నా ఒళ్ళోంచి లేచి వాళ్ళ అమ్మ ఒళ్ళోకి మారి కూర్చుంది. విమల దాని చుట్టూ చెయ్యి వేసింది. వాళ్ళకు చోటు చాలదని నేను ఇంకాస్త అంచుకు జరిగాను.

అంతకు పది రోజుల ముందు మంచం దిగాలంటే దాన్ని ఇద్దరం పట్టుకోవాల్సి వచ్చేది. ఆ పూట ఎవరి చెయ్యీ పట్టుకోకుండా తనంతట తను లేచింది.